క్యాట్ రాయాలా, ఐసెట్ చాలా? ముందు మెమోలు తీయండి

ఎంబీఏ చేద్దామనుకుంటున్నాను, కోచింగ్ ఎక్కడ బాగుంటుంది అని అడిగేవాళ్ళని నేను తిరిగి ఒకటే అడుగుతాను: మీ పదో తరగతి, ఇంటర్, డిగ్రీ మెమోలు ఎక్కడున్నాయి? చాలామందికి చిరాకేస్తుంది. "అది కాదన్నా, నేను క్యాట్ గురించి అడుగుతుంటే..." అంటారు. నేనూ క్యాట్ గురించే, అంటే ఐఐఎంలనే పెద్ద మేనేజ్‌మెంట్ కాలేజీలు పెట్టే ఎంబీఏ ఎంట్రన్స్ గురించే మాట్లాడుతున్నాను. ఆ మూడు కాగితాలు టేబుల్ మీద పెట్టుకోకుండా కోచింగ్‌కి డబ్బు కట్టినవాళ్ళలో నేనూ ఒకణ్ణి కాబట్టి అడుగుతున్నాను.

ఎంట్రన్స్ అనగానే మన బుర్రలో ఎంసెట్ బొమ్మే ఉంటుంది. ర్యాంకు వచ్చిందా, ఆప్షన్లు పెట్టామా, సీటు వచ్చిందా, అంతే. మేనేజ్‌మెంట్ కాలేజీల దగ్గర అన్ని పరీక్షలూ ఆ పని చెయ్యవు. మన రాష్ట్రాల ఎంబీఏ సీట్లకి పెట్టే ఐసెట్ చేస్తుంది. క్యాట్ సగం పని చేసి, ఇంటర్వ్యూ గది గుమ్మం దాకా తీసుకెళ్ళి వదిలేస్తుంది. ఐఎస్‌బీ, విదేశీ కాలేజీల కోసం రాసే జీమ్యాట్ అయితే మీ ఫైల్లో ఒక కాగితం మాత్రమే, మందపాటి కాగితమే అనుకోండి. కాబట్టి ముందు కాలేజీ పేర్లు రాసుకోండి, ఒక్కో కాలేజీ పక్కన అక్కడ పరీక్షకి ఎంత పని అప్పజెప్పారో రాసుకోండి. ఎన్ని నెలలు చదవాలి, ఎంత ఖర్చు పెట్టాలి అన్నవి ఆ తర్వాత తేలతాయి.

క్యాట్‌తో మొదలుపెడదాం, ఎక్కువమంది తలకాయలు పట్టుకునేది అక్కడే. ఏటా నవంబరు చివర్లో ఒక ఆదివారం, మూడు స్లాట్లలో జరుగుతుంది. ఐఐఎంలు వంతులవారీగా నిర్వహిస్తాయి. 2024, 2025 పేపర్లలో 68 ప్రశ్నలు ఇచ్చారు: ఇంగ్లిష్ చదువుడు భాగం వార్క్‌లో 24, డేటా, లాజిక్ కలిపిన డీఐఎల్ఆర్‌లో 22, లెక్కల్లో 22. ఒక్కో భాగానికి 40 నిమిషాలు, ఆ వరసలోనే రాయాలి, ఒకదాంట్లో మిగిలిన టైం ఇంకోదానికి వాడుకోనివ్వరు. సరైన జవాబుకి 3, ఆప్షన్లున్న ప్రశ్నలో తప్పుకి మైనస్ 1. ఆప్షన్లు లేకుండా జవాబు టైప్ చేసేవాటికి మైనస్ లేదు.

2024లో దాదాపు 2.93 లక్షల మంది పరీక్ష రాశారు. 99 పర్సంటైల్ అంటే నూటికి 99 మార్కులు కాదు (ఇంట్లో పెద్దవాళ్ళకి ఇది ఎన్నిసార్లు చెప్పానో), మీకంటే పైన సుమారు 2,900 మంది ఉన్నారని అర్థం. 95 అంటే పైన 14,600 మంది. వినడానికి 95కీ 99కీ నాలుగే తేడా, కానీ ఆ నాలుగు మెట్ల మధ్య పదకొండు వేల పైచిలుకు మంది నిలబడి ఉన్నారు. 85 నుంచి 90కి ఎక్కడం ఒక ఎత్తు, 97 నుంచి 99కి ఎక్కడం ఇంకో ఎత్తు అని అందుకే అంటారు.

ఇప్పుడు మెమోల సంగతి. ఐఐఎంలు ఇంటర్వ్యూకి పిలిచేటప్పుడు క్యాట్ ఒక్కటే చూడవు. అహ్మదాబాద్‌నే తీసుకోండి. ఈమధ్య ఏళ్ళలో అక్కడ షార్ట్‌లిస్ట్ లెక్కలో క్యాట్‌కి 65 పాళ్ళు, పదో తరగతి, ఇంటర్, డిగ్రీ మార్కులు, ఉద్యోగానుభవం లాంటివి కలిపిన అప్లికేషన్ రేటింగ్‌కి 35 పాళ్ళు ఇచ్చారు. ఇంటర్వ్యూ అయ్యాక వేసే తుది లెక్కలో ఇంటర్వ్యూదే సగం, క్యాట్ పాతిక పాళ్ళకి దిగిపోతుంది. ఒక్కో ఐఐఎంది ఒక్కో లెక్క, ఏడాదికోసారి కొంచెం మారుస్తారు కూడా. అడ్మిషన్ పాలసీ అని ప్రతి ఐఐఎం సైట్లో ఒక పీడీఎఫ్ పెడతారు. ముప్పై పేజీలైనా సరే, మీకు కావాల్సిన నాలుగు కాలేజీలవి కూర్చుని చదవండి. కోచింగ్‌లో చేరిన ఆర్నెల్లకి కూడా దాన్ని తెరవనివాళ్ళని చాలామందిని చూశాను.

మన పిల్లల మెమోలు సాధారణంగా ఎలా ఉంటాయంటే, ఇంటర్ ఎంపీసీలో 1000కి 960, బీటెక్‌లో 66 శాతం. ఇంటర్ మార్కులు ఇక్కడ బాగా అక్కరకొస్తాయి, బీటెక్ మార్కులు వెనక్కి లాగుతాయి. డిగ్రీ మార్కుల్ని తక్కువగా చూసే లేదా అసలు చూడని ఐఐఎంల దగ్గర మీ బలం ఎక్కువ, అవే ముందు రాసుకోండి. పదిలోనూ ఇంటర్‌లోనూ తక్కువ వచ్చినవాళ్ళు ఉంటే, అది ఇప్పుడు మార్చలేరు కాబట్టి, పెద్ద మూడు ఐఐఎంల (అహ్మదాబాద్, బెంగళూరు, కలకత్తా) మీద ఏడాది మొత్తం పెట్టే బదులు, పాత మార్కులకి అంత విలువ ఇవ్వని కాలేజీల వైపు చూడమంటాను. నిరుత్సాహపరచడానికి కాదు. నేను మొదటిసారి రాసినప్పుడు ఈ లెక్క ఎవరూ చెప్పలేదు, నా కంటే రెండు పర్సంటైల్ తక్కువ వచ్చిన రూమ్మేట్‌కి ఇంటర్వ్యూ పిలుపు వచ్చి నాకు రాకపోతే వారం రోజులు సైట్లో ఏదో తప్పుందనుకున్నాను.

ఇంకోటి సెక్షనల్ కటాఫ్, అంటే ఒక్కో భాగంలో విడిగా రావాల్సిన కనీస పర్సంటైల్. మొత్తం మీద 97 వచ్చి, ఒక్క భాగంలో 60 దగ్గర ఆగిపోతే, చాలా ఐఐఎంలలో మీ ఫైలు తెరవకుండానే పక్కన పెట్టేస్తారు. లెక్కలు ఎంత బాగా వచ్చినా సరే. ఎంపీసీ నుంచి వచ్చినవాళ్ళు సాయంత్రం పూట అలసిపోయి ఉన్నప్పుడు కూడా లెక్కలే తీస్తారు, ఎందుకంటే అవి వస్తాయి కాబట్టి, చేస్తుంటే హాయిగా ఉంటుంది కాబట్టి. రాని వార్క్ అలాగే మూలన పడి ఉంటుంది. ఉదయం బుర్ర తాజాగా ఉన్న గంట రాని భాగానికి ఇవ్వండి, లెక్కలు రాత్రికి కూడా వస్తాయి.

తెలుగు మీడియం వాళ్ళ భయం వార్క్ గురించి కాబట్టి దాని గురించి రెండు మాటలు. క్యాట్‌లో పదాలకి అర్థాలు అడగరు. వెయ్యి పదాల జాబితాలు, ఫ్లాష్ కార్డులు పక్కన పడేయండి. ఆ భాగంలోని 24 ప్రశ్నల్లో 16 నాలుగు ప్యాసేజీల మీదే వచ్చాయి. మా బాబాయి కొడుక్కి నేను చెప్పిన పద్ధతి ఇది: రోజూ ఒక ఇంగ్లిష్ పేపర్ ఎడిటోరియల్ లాంటిది తీసుకో, ఒకసారి చదువు, మూసెయ్, తర్వాత తెలుగులో గట్టిగా చెప్పు, "ఇతను చివరికి ఏమంటున్నాడు, ఎవరితో ఒప్పుకోవడం లేదు?" అని. మొదటి పది రోజులు వాడు ప్రతిదానికీ "అభివృద్ధి ముఖ్యం అంటున్నాడన్నా" అనేవాడు. ఇరవయ్యో రోజుకి "అభివృద్ధి ముఖ్యమే కానీ లెక్కించే పద్ధతి తప్పంటున్నాడు" అన్నాడు. ప్రశ్నల్లో ఇచ్చే నాలుగు ఆప్షన్ల మధ్య తేడా సరిగ్గా ఆ "కానీ" దగ్గరే ఉంటుంది.

డీఐఎల్ఆర్ వేరే జంతువు. ఇక్కడ చేసేదానికంటే వదిలేసేది ముఖ్యం. 22 ప్రశ్నలు ఐదు సెట్లుగా, అంటే ఒకే సమాచారం మీద కొన్నేసి ప్రశ్నల గుంపులుగా వస్తాయి, అన్నీ చేయాలని ఎవరూ అనుకోలేదు, పేపర్ పెట్టినవాళ్ళు కూడా. నా మొదటి ప్రయత్నంలో ఒక టోర్నమెంట్ సెట్ దగ్గర పదిహేడు నిమిషాలు కూర్చున్నాను. ఎనిమిది నిమిషాలకే తేలదని తెలుసు, కానీ అప్పటికే పెట్టిన ఎనిమిది నిమిషాలు వదులుకోబుద్ధి కాలేదు. చివరికి అందులో ఒక ప్రశ్న చేశాను, అదీ తప్పు. బయటికొచ్చాక తెలిసింది, నేను చూడను కూడా చూడని చివరి సెట్ అన్నిట్లోకీ తేలికట. అందుకని మొదటి నాలుగైదు నిమిషాలు పెన్ను పట్టుకోకుండా ఐదు సెట్లూ చదవండి, రెండు ఎంచుకోండి, వాటిని తప్పు లేకుండా ముగించండి, టైం మిగిలితే మూడోది. ఇది ఇంట్లో నలభై నిమిషాల గడియారం పెట్టుకుని అలవాటు చేసుకోవాల్సిందే, పరీక్ష రోజున కొత్తగా రాదు.

గుడ్డిగా టిక్ పెట్టడం గురించి ఎవరూ సరిగా చెప్పరు. నాలుగు ఆప్షన్లలో ఊరికే ఒకటి పెడితే, సగటున నాలుగుసార్లలో ఒకసారి ప్లస్ 3, మూడుసార్లు మైనస్ 1, అంటే సున్నా. లాభం లేదు, నష్టం లేదు. ఒక్క ఆప్షన్ ఖచ్చితంగా కాదని తీసేయగలిగితే మిగిలిన మూడింట్లో ఒకటి పెట్టడం సగటున లాభమే, ప్రశ్నకి మార్కులో మూడో వంతు. రెండు తీసేయగలిగితే ఒక మార్కు. ఏమీ తెలియనప్పుడు వదిలేయండి, టైప్ చేసేవాటిలో మాత్రం ఏదో ఒకటి నింపకుండా లేవకండి.

మాక్ టెస్టులు ఎన్ని రాశావు అని ఒకరినొకరు అడుగుతుంటారు, నలభై, అరవై అంటుంటారు. నాకు రెండోసారి పనికొచ్చింది పద్దెనిమిది మాకులు, ఒక లాంగ్‌నోట్ బుక్కు. రెండు గంటల మాక్‌కి మూడు గంటల పోస్టుమార్టం. పేజీని మూడుగా గీసి, ఒకవైపు వచ్చి కూడా వదిలేసినవి, ఇంకోవైపు తెలియక తప్పినవి, మూడోవైపు చేయకూడని చోట టైం తగలేసినవి. నెల తర్వాత చూసుకుంటే మూడో వరస అన్నిటికంటే పొడుగ్గా ఉంది. కొత్త ఫార్ములా ఒక్కటి నేర్చుకోకుండానే అక్కడ మార్కులు పెరిగాయి.

ఇక ఐసెట్. క్యాట్ రాసేవాళ్ళు దీన్ని చిన్నచూపు చూస్తారు, అది తప్పు. మే, జూన్ ప్రాంతంలో ఆంధ్రకి వేరుగా, తెలంగాణకి వేరుగా జరుగుతుంది, ఎంబీఏతో పాటు ఎంసీఏకి కూడా ఇదే. 200 ప్రశ్నలు, 150 నిమిషాలు, నెగెటివ్ మార్కులు లేవు. ఇంటర్వ్యూ లేదు, గ్రూప్ డిస్కషన్ లేదు, కన్వీనర్ కోటా సీటుకి ర్యాంకే దేవుడు. 25 శాతం, అంటే 50 మార్కులు వస్తే అర్హత, ఎస్సీ ఎస్టీలకి ఆ కనీసం కూడా లేదు. ఉస్మానియా క్యాంపస్, ఆంధ్రా యూనివర్సిటీ, ఎస్వీయూ లాంటి చోట్లకి కూడా దారి ఇదే, అక్కడ ఫీజు ప్రైవేటు కాలేజీలతో పోలిస్తే ఎంత తక్కువో చూసుకుంటే ఐసెట్ మీద గౌరవం దానంతట అదే వస్తుంది.

ప్రశ్నకి 45 సెకన్లే దొరుకుతాయి కాబట్టి ఇది తెలివి కంటే వేగం పరీక్ష. నెగెటివ్ లేదు కాబట్టి ఒక్క గడి కూడా ఖాళీ వదలకూడదు. నలభై ప్రశ్నలు టైం చాలక మిగిలిపోయాయనుకోండి, చివరి నిమిషంలో కళ్ళు మూసుకుని నొక్కినా సగటున పది మార్కులు వస్తాయి. ఐసెట్‌లో మధ్య మార్కుల దగ్గర జనం గుమిగూడి ఉంటారు, పది మార్కులంటే ర్యాంకులో వేల తేడా. ఇంత తెలిసీ హాల్లోంచి ముప్పై ఖాళీలతో బయటికొచ్చేవాళ్ళు ప్రతి ఏడూ ఉంటారు.

ఇందులో జనం ఎక్కువగా పడిపోయే చోటు డేటా సఫిషియన్సీ. ప్రశ్న ఇలా ఉంటుంది: ఎక్స్ విలువ ఎంత? ఒకటో వాక్యం, ఎక్స్ వర్గం 49. రెండో వాక్యం, ఎక్స్ ధన సంఖ్య. ఒకటో వాక్యం చూడగానే ఏడు అని మనసు చెప్పేస్తుంది, మొదటిదే చాలు అని టిక్ పెట్టేస్తాం. మైనస్ ఏడు కూడా ఉంది కదా. రెండూ కలిస్తేనే చాలుతుంది. పైగా వాళ్ళు విలువ అడగడం లేదు, చెప్పగలమా లేదా అని అడుగుతున్నారు, కాబట్టి చాలుతుందని తెలిశాక లెక్క చివరిదాకా చేయడం దండగ. విచిత్రం ఏంటంటే, లక్షలు పెట్టే ఐఎస్‌బీ (గచ్చిబౌలిలోని ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్) కోసం రాసే జీమ్యాట్‌లోనూ ఇదే రకం ప్రశ్న ఉంది, ఇప్పుడు డేటా ఇన్‌సైట్స్ భాగంలో. నల్లగొండ పిల్లాడు ఐసెట్ గైడులో చేసిన సాధన గచ్చిబౌలిలో కూడా పనికొస్తుంది.

ఐసెట్ ర్యాంకు వచ్చాక సీటు పోగొట్టుకునేది వెబ్ ఆప్షన్ల దగ్గర. నా ర్యాంకుకి ఇది రాదులే అని పెద్ద కాలేజీని పైన పెట్టడం మానేస్తారు. కంప్యూటర్ మీ ర్యాంకు వంతు వచ్చినప్పుడు మీ జాబితా పైనుంచి కిందికి చూసి, ఖాళీ ఉన్న మొదటిది ఇస్తుంది. పైన రానిది పెట్టినందుకు కింద వచ్చేది పోదు. కాబట్టి మీకు ఇష్టమైన వరసలోనే పెట్టండి, వచ్చేలా ఉన్నవి కింద పొడుగ్గా పెట్టండి. నాలుగే ఆప్షన్లు పెట్టి సీటు రాలేదని ఏడ్చేవాళ్ళకి నేనేమీ చెప్పలేను. క్యాట్‌కి చదివినవాళ్ళు ఐసెట్ ప్రత్యేకంగా చదవక్కర్లేదు, ఫీజు వెయ్యి లోపే, రెండు పాత పేపర్లు గడియారం పెట్టుకుని చేసి వెళ్ళి రాయండి. క్యాట్ దెబ్బతింటే ఏడాది పోకుండా ఉంటుంది.

జీమ్యాట్ ఉద్యోగం చేస్తున్నవాళ్ళ వ్యవహారం. హైదరాబాద్ ఐఎస్‌బీలో ఎంబీఏ లాంటి కోర్సు పీజీపీకి కనీసం రెండేళ్ళ అనుభవం అడుగుతారు, జీమ్యాట్ లేదా జీఆర్ఈ స్కోరు పెట్టొచ్చు. ఇప్పుడున్న జీమ్యాట్ 2 గంటల 15 నిమిషాలు, మూడు భాగాలు, స్కోరు 205 నుంచి 805 దాకా. పాత స్కేల్‌తో దీన్ని పోల్చుకుని కంగారు పడకండి, ఇప్పటి 645 అంటే పాత 700 దగ్గరి మాట. స్కోరు ఐదేళ్ళు చెల్లుతుంది, ఏడాదిలో ఐదుసార్లు రాయొచ్చు, కానీ రాసిన ప్రతిసారీ ఇరవై వేల పైనే వదులుతుంది. ఇక్కడ 655 వచ్చినవాళ్ళు 705 కోసం మళ్ళీ రాయడం కంటే, ఆ రెండు నెలలూ ఎస్సేల మీద, ఆఫీసులో నిజంగా ఏం చేశారో మనిషికి అర్థమయ్యేలా చెప్పడం మీద పెడితే మంచిదని నా అభిప్రాయం. "టీమ్‌లో పనిచేశాను, క్లయింట్‌తో మాట్లాడాను" అని మన ఐటీ వాళ్ళందరూ ఒకేలా రాస్తారు, స్కోరు ఎంత ఉన్నా అది కాపాడదు. అమెరికా వెళ్ళేవాళ్ళకి చాలా కాలేజీలు జీమ్యాట్ వేవర్ (స్కోరు అక్కర్లేదనే మినహాయింపు) ఇస్తున్నాయి, నిజమే, కానీ వేవర్ తీసుకునేముందు ఆ కాలేజీ స్కాలర్‌షిప్‌కి స్కోరు చూస్తుందో లేదో ఒక్క మెయిల్ పెట్టి అడగండి.

మిగతావి గబగబా. జంషెడ్‌పూర్ ఎక్స్ఎల్ఆర్ఐ కావాలంటే జనవరిలో ఎక్స్ఏటీ, అందులో డిసిషన్ మేకింగ్ అని క్యాట్‌లో లేని భాగం ఉంటుంది, పాత పేపర్లు తప్పనిసరిగా చూడాలి. హైదరాబాద్ దగ్గరి సింబయాసిస్‌కి స్నాప్, జడ్చర్ల ఎన్‌ఎంఐఎంఎస్‌కి ఎన్‌మ్యాట్. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ఎంబీఏకి క్యాట్ స్కోరే తీసుకుంటారు, ఇది చాలామందికి తెలియదు, క్యాట్ ఓ మాదిరిగా వచ్చినవాళ్ళు ముందు దీన్ని చూడాలి. విశాఖ ఐఐఎం 2015లో ఆంధ్రా యూనివర్సిటీ ఆవరణలో మొదలైంది, ఇప్పుడు గంభీరంలో సొంత క్యాంపస్. కొత్త ఐఐఎంలు కొన్ని కలిసి క్యాప్ లాంటి ఉమ్మడి ఇంటర్వ్యూ పెడతాయి, ఒక్కసారి బాగా మాట్లాడితే చాలా చోట్ల లెక్కలోకి వస్తుంది. ఏ పరీక్ష స్కోరైనా తీసుకుంటాం, లేకపోయినా చూద్దాం అనే కాలేజీలున్నాయి కదా, అక్కడ పరీక్షకి పనేమీ లేదు, కాబట్టి పరీక్ష గురించి కాకుండా ప్లేస్‌మెంట్ గురించి, ఫీజు గురించి నిలదీయండి. ఐఐఎంలో మేనేజ్‌మెంట్ కోటా సీటు ఇప్పిస్తానని ఎవరైనా ఫోన్ చేస్తే అలాంటి కోటానే లేదు, ఫోన్ పెట్టేయండి.

కోచింగ్ అవసరమా అంటే, లెక్కలు పదో తరగతి దాకా గట్టిగా ఉండి, రోజూ కూర్చునే అలవాటున్నవాళ్ళకి ఒక మాక్ సిరీస్ చాలు. బీకామ్, బీఏ నుంచి వచ్చి లెక్కలు వదిలి ఐదేళ్ళయినవాళ్ళకి తరగతి గది మేలు చేస్తుంది. నేను చేరిన చోట మొదటి రోజు 99 గ్యారంటీ అన్నారు, నాలుగో నెలలో లెక్కల సారు మానేశారు, ఆయన స్థానంలో ఎవరూ రాలేదు. డెమో క్లాసు చెప్పే మనిషే చివరిదాకా చెబుతాడా అని అడిగి, వాయిదాల్లో కట్టండి.

చివరగా ఫారం. క్యాట్ అప్లికేషన్ ఆగస్టులో తెరుచుకుంటుంది, సెప్టెంబరులో మూసేస్తారు. 2025లో ఫీజు 2,600, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకి 1,300. డిగ్రీలో 50 శాతం ఉండాలి, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకి 45. బీసీలు ఇక్కడ జాగ్రత్త: మన రాష్ట్రాల బీసీ-ఏ, బీ, సీ, డీ, ఈ సర్టిఫికెట్ ఐసెట్‌కి పనికొస్తుంది, ఐఐఎంలకి కేంద్ర జాబితా ప్రకారం ఇచ్చే ఓబీసీ నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్ కావాలి. రాష్ట్ర జాబితాలో ఉన్న కొన్ని కులాలు కేంద్ర జాబితాలో ఉండవు. ముందు పేరు ఉందో లేదో చూసుకుని, తహసీల్దారు ఆఫీసు నుంచి కేంద్రం నమూనాలోనే తీసుకోండి, ఎందుకంటే ఫారంలో ఒకసారి పెట్టిన కేటగిరీ తర్వాత మార్చనివ్వరు. ఈడబ్ల్యూఎస్ వాళ్ళు సర్టిఫికెట్ మీద ఏ ఆర్థిక సంవత్సరం ఉందో చూసుకోండి. ఫలితాలు డిసెంబరులో వస్తాయి, ఆ స్కోరు మరుసటి ఏడాది చివరిదాకానే చెల్లుతుంది. స్కోర్ కార్డు పీడీఎఫ్ ఆ రోజే దించి మీ మెయిల్‌కి మీరే పంపుకోండి, ఇంటర్వ్యూ పొద్దున జిరాక్స్ షాపులో ఫోన్ పట్టుకుని లాగిన్ పాస్‌వర్డ్ గుర్తుచేసుకుంటూ నిలబడే పని ఉండదు.